ఓపెన్‌హైమర్‌ను మా పిల్లలకు తెలుగులో చూపించండి: కర్నూలు థియేటర్ల యజమానులకు, డిస్ట్రిబ్యూటర్లకు, కాలేజీ యాజమాన్యాలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను కర్నూలులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే లెక్చరర్‌ని. సినిమా హాలు నడపడం తేలిక కాదని నాకు తెలుసు. మా మేనమామ ఎమ్మిగనూరులో ఒక టూరింగ్ టాకీసులో ఆపరేటర్‌గా చేసేవాడు, చిన్నప్పుడు ఆ క్యాబిన్‌లో కార్బన్ కడ్డీల వెలుగు చూస్తూ కూర్చునేవాణ్ణి. కాబట్టి మీ మీద కోపంతో రాస్తున్న లేఖ కాదిది. అడిగి అడిగి జవాబు రాక రాస్తున్నది.

మొదటి అణుబాంబు చేయించిన అమెరికా సైంటిస్టు కథ ఓపెన్‌హైమర్. 2023 ఆగస్టులో, ఆ సినిమాను తెలుగులో చూపించమని, మేం దాన్ని చూసిన థియేటర్‌కు ఒక ఉత్తరం ఇచ్చాను. 2024 మార్చిలో అదే సినిమాకు ఏడు ఆస్కార్లు వచ్చిన వారం, ఇప్పుడైనా వింటారేమో అని, ఇంకో రెండు రాశాను, ఒకటి సినిమాలు పంపిణీ చేసే ఒక ఆఫీసుకు, ఒకటి ఒక కాలేజీ యాజమాన్యానికి. ఫోన్ చేస్తే "చూస్తాం సార్" అన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. థియేటర్ మేనేజర్ మాత్రం మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చి, "ఇవన్నీ మా చేతుల్లో ఉండవు సార్, పైనుంచి ఏది వస్తే అది వేస్తాం" అన్నాడు. ఆ పైన ఎవరున్నారో నాకు తెలియదు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మేం పోయిన హాలు పేరు, ఆఫీసుల పేర్లు కావాలనే రాయడం లేదు. ఒకరి మీద నింద వేసి చేతులు దులుపుకోవడానికి కాదు ఇదంతా.

ముందు జరిగింది చెప్తాను.

2023 జూలై 21 శుక్రవారం ఓపెన్‌హైమర్ విడుదలైంది. 23వ తేదీ ఆదివారం మ్యాట్నీకి మా సెకండ్ ఇయర్ పిల్లల్ని 41 మందిని తీసుకుపోయాను. ఇంకో ఇద్దరు రావాల్సింది, వానలు పడ్డాయి కదా, అమ్మానాన్నలతో జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతకడానికి పోయారు. వచ్చినవాళ్లలో సగం మందికి పైగా పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లే. దేవనకొండ, కోడుమూరు, గూడూరు వైపు పల్లెల నుంచి పొద్దున బస్సెక్కి వచ్చారు. ఇంట్లో అడిగి తెచ్చుకున్న డబ్బు. పిల్లలు అంతగా ఎదురుచూడటానికి కారణం నేనే. అంతకు ముందు వారమంతా క్లాసులో కేంద్రక విచ్ఛిత్తి, అంటే పరమాణువు మధ్యనుండే కేంద్రకం చీలిపోవడం, చెప్తూ ఆ మనిషి కథే చెప్పాను.

మేం చూసిన ఆట ఇంగ్లీష్‌లో వేశారు. కింద అక్షరాలు లేవు, తెలుగులో కాదు కదా, ఇంగ్లీష్‌లో కూడా లేవు. మూడు గంటల సినిమా, అందులో మూడొంతులు మనుషులు గదుల్లో కూర్చుని మాట్లాడుకోవడమే. ఒక్కో మాటకు ఒక్కో బరువు ఉంటుంది, ఎవరు ఎవరిని నమ్ముతున్నారు, ఎవరు ఎవరికి గొయ్యి తవ్వుతున్నారు అన్నది మాటల్లోనే తెలియాలి. మొదట్లోనే తెర మీద ఒకచోట ఫిషన్ అని, ఇంకొకచోట ఫ్యూజన్ అని పడుతుంది. రంగుల్లో నడిచేదంతా ఓపెన్‌హైమర్ వైపు నుంచి, నలుపు తెలుపులో నడిచేది స్ట్రాస్ అనే అధికారి వైపు నుంచి. మా పిల్లలకు విచ్ఛిత్తి (ఫిషన్) తెలుసు, సంలీనం (ఫ్యూజన్, కేంద్రకాలు కలిసిపోవడం) తెలుసు, పరీక్షలో నాలుగు మార్కులకు రాస్తారు. ఆ రెండు మాటలు తెలుగులో పడి ఉంటే చాలు, సినిమా ఎట్లా కట్టారో వాళ్లే పట్టుకునేవాళ్లు. నా పక్కన కూర్చున్న పిల్లవాడు అరగంట తర్వాత మెల్లగా అడిగాడు, "సార్, బ్లాక్ అండ్ వైట్ వచ్చినప్పుడల్లా పాత కాలమా?" కాదు నాయనా, కొంత తర్వాతి కాలం అని చెప్పేలోపు ఇంకో సీన్ వచ్చేసింది.

అయినా ఆ పిల్లలు ఓపిగ్గా చూశారు. గాజు తొట్టిలో గోలీలు వేసే సీన్ ఉంది కదా, యురేనియం ఎంత తయారైందో తెలియడానికి ఒక తొట్టిలో, ప్లుటోనియం ఎంతో తెలియడానికి ఒక గ్లాసులో ఓపెన్‌హైమర్ గోలీలు వేస్తూ పోతాడు. అది మాత్రం అందరికీ అర్థమైంది. ఎవరూ చెప్పక్కర్లేదు. తొట్టి నిండుతున్న కొద్దీ వాళ్ల ముఖాల్లో టెన్షన్ కనపడింది. చూపిస్తే తెలుసుకునే పిల్లలు వీళ్లు అని ఇంతకంటే నేనేం రుజువు చూపాలి?

ఇప్పుడు దీని వల్ల ఎవరికి ఏం నష్టమో ఒక్కొక్కటిగా చెప్తాను.

1. బాంబు పేలిన సీన్ దగ్గర హాల్లో జరిగింది మీరు తెలుసుకోవాలి. 1945 జూలై 16 తెల్లవారుజామున 5:29కి న్యూ మెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబును పేల్చి చూశారు, ఆ పరీక్ష పేరు ట్రినిటీ. సినిమాలో ముందు వెలుగు వస్తుంది. శబ్దం రాదు. చాలాసేపు రాదు, ఊపిరి చప్పుడు తప్ప. దర్శకుడు అది కావాలనే చేశాడు, ఎందుకంటే నిజంగా జరిగింది అదే. ఓపెన్‌హైమర్ ఉన్న కంట్రోల్ బంకరు పేలుడుకు సుమారు 9 కిలోమీటర్ల దూరంలో ఉంది. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది, శబ్దం సెకనుకు 340 మీటర్లు, కాబట్టి ఆ మోత వాళ్ల దాకా రావడానికి దాదాపు అర నిమిషం పట్టి ఉంటుంది. కానీ హాల్లో వెనక వరుసల నుంచి "సౌండ్ పోయిందిరో", "సౌండ్ పెట్టురా" అని కేకలు మొదలయ్యాయి. ఈలలు. ఎవరో లేచి క్యాబిన్ వైపు చేయి ఊపాడు. ఆపరేటర్ కూడా నిజంగానే ఏదో పోయిందనుకున్నాడేమో, వాల్యూమ్ పెంచినట్టున్నాడు, తర్వాత మోత వచ్చినప్పుడు ముందు వరుసలో ఒక చిన్న పాప ఏడ్చేసింది.

మా క్లాసులో కోడుమూరు దగ్గరి పల్లె అమ్మాయి ఒకరుంది. ఆమె కేకలు పట్టించుకోకుండా నోట్‌బుక్ మీద వేలితో లెక్కపెడుతోంది. బయటికొచ్చాక అడిగితే, "చేన్లో మెరుపు మెరిసినాక ఉరుము వచ్చేదాకా లెక్కపెడ్తాం కదా సార్, అట్ల పెడ్తి" అంది. పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో నాకు ఇట్లాంటి విద్యార్థి ఒకరు దొరికినా చాలనుకునేవాణ్ణి. ఆ పిల్లకు సినిమాలో మిగతా రెండున్నర గంటలు మాత్రం ఎందుకు దక్కలేదు? ఇంగ్లీష్ వేగంగా మాట్లాడితే పట్టుకోలేదు, అంతే.

2. ఇంకో సీన్ ఇంతకన్నా బాధ కలిగించింది. హిరోషిమా మీద బాంబు పడిందని తెలిశాక ఓపెన్‌హైమర్ తన తోటివాళ్ల ముందు ఉపన్యాసం ఇవ్వడానికి వస్తాడు. వాళ్లంతా కాళ్లతో బల్లల్ని తంతూ హర్షధ్వానాలు చేస్తుంటారు, ఆయన నోరు గెలుపు మాటలు మాట్లాడుతుంటుంది, కళ్లకు మాత్రం ఎదురుగా ఉన్న అమ్మాయి చర్మం ఊడిపోతున్నట్టు, కాలి కింద బూడిదైన శవం ఉన్నట్టు కనిపిస్తుంది. సినిమా మొత్తానికి గుండెకాయ అదే. మా హాల్లో రెండు వరుసల కుర్రాళ్లు ఆ సీన్‌కు చప్పట్లు కొట్టారు. తెర మీద చప్పట్లు కొడుతున్నారు కాబట్టి హీరో గెలిచాడనుకున్నారు. వాళ్లను తప్పు పట్టను. మాట అర్థం కానివాడు పక్కవాడు ఏం చేస్తే అదే చేస్తాడు. 1945 చివరికల్లా హిరోషిమాలో లక్షా 40 వేల మంది, నాగసాకిలో 70 వేల మంది దాకా చనిపోయారని అంచనా. దాని మీద పశ్చాత్తాపంతో తీసిన సీన్‌కు మా ఊళ్లో చప్పట్లు పడ్డాయంటే, ఆ తప్పు హాల్లో కూర్చున్నవాళ్లది కాదు.

3. తెలుగులో ఈ సినిమా గురించి మా పిల్లల ఫోన్లకు చేరింది ఒకే ఒక్క సంగతి, భగవద్గీత సీన్ మీద గొడవ. ఆ సీన్ నాకూ ఇబ్బందిగానే అనిపించింది, దాచను. పడకగది సీన్‌లో ఆ పుస్తకం చేతిలో పెట్టాల్సిన పని లేదు. కానీ ఆ గొడవ ఒక్కటే తెలిస్తే ఏమవుతుంది? ఓపెన్‌హైమర్ బర్క్లీలో పని చేస్తున్న రోజుల్లో ఆర్థర్ రైడర్ అనే పండితుడి దగ్గర సంస్కృతం నేర్చుకుని గీతను మూలంలోనే చదివాడని తెలియదు. ట్రినిటీ పేలుడు చూసినప్పుడు తనకు గుర్తొచ్చిందని ఆయన 1965లో టీవీలో చెప్పుకున్న మాట గీత పదకొండో అధ్యాయం 32వ శ్లోకమని, 'కాలోస్మి' అని మొదలయ్యే ఆ శ్లోకంలోని కాలాన్ని ఆయన మృత్యువుగా చెప్పాడని తెలియదు. మన ఇళ్లల్లో పిల్లలకు కాలమంటే టైమ్. టైమే చంపుతుందని కృష్ణుడు అన్నాడా, మృత్యువునే అన్నాడా, ఆ ఒక్క మాట మీద తెలుగు మాస్టారూ నేనూ కలిసి ఒక పీరియడ్ మొత్తం నడపగలం. సినిమా అర్థం కాకుండా పోవడంతో ఆ అవకాశం పోయింది, కొట్లాట మాత్రం మిగిలింది.

4. ఇది మా నేల సంగతి కూడా. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు, శుద్ధి చేస్తున్నారు, చుట్టుపక్కల రైతులు తమ బోరు నీళ్ల గురించి ఏళ్లుగా ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. మన జిల్లాలోనే 2024 చివర్లో కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారన్న మాట రాగానే ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. ఆ వారం మా క్లాసులో ఆ వైపు పిల్లలు అడిగిన ప్రశ్నలు వింటే మీకు తెలుస్తుంది. "బోరు వేస్తే బాంబు పేలినట్టు పేలుతుందా సార్?" అని ఒకరు, "ఏం కాదంట గదా, టీవీలో చెప్పినారు" అని ఇంకొకరు. రెండూ తప్పే. నేలలో దొరికే యురేనియంలో విచ్ఛిత్తికి పనికొచ్చే 235 రకం నూటికి 0.7 శాతం మాత్రమే. హిరోషిమా మీద వేసిన బాంబుకు ఆ శాతాన్ని ఎంతో పెంచాల్సి వచ్చింది, దానికే అమెరికా కొండంత ఫ్యాక్టరీలు కట్టింది, ఆ తొట్టిలో గోలీలు అంత మెల్లగా నిండడానికి కారణం అదే. కాబట్టి బోరు పేలదు. కానీ తవ్వితే వచ్చే వ్యర్థాలను ఎక్కడ పెడతారు, నీళ్లలో కలవకుండా ఏం చేస్తారు అన్నవి అడిగి తీరాల్సిన ప్రశ్నలు. భయపడటానికీ అడగటానికీ మధ్య తేడా తెలిసిన జనం కావాలంటే ఇట్లాంటి సినిమాలు వాళ్ల భాషలో చూడాలి. పాఠ్యపుస్తకం ఒక్కటే ఆ పని చేయలేదు, ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్నవాణ్ణి కాబట్టి ఒప్పుకుంటున్నాను.

ఓర్వకల్లు దగ్గర రక్షణ పరిశోధన సంస్థ వాళ్ల ప్రయోగ క్షేత్రం ఉంది. 2025 ఏప్రిల్ 13న కర్నూలులో డ్రోన్లను కూల్చే లేజర్ ఆయుధాన్ని పరీక్షించి చూపారు. ఆ వార్త చూసి మా పిల్లలు ఎంత గర్వపడ్డారో, నేనూ అంతే గర్వపడ్డాను. రేపు వాళ్లలో ఇద్దరో ముగ్గురో అట్లాంటి చోట ఉద్యోగం చేస్తారు. ఆ రోజున వాళ్లకు పని రావడంతో పాటు, చేసే పని ఎవరి మీద ఎట్లా పడుతుందో ఆలోచించే అలవాటు కూడా ఉండాలి. దానికి పదిహేడేళ్ల వయసే సరైన సమయం.

5. ఇక ర్యాంకుల సంగతి. మన ఊళ్లో ఏ గోడ చూసినా, ఏ ఆటో వెనక చూసినా ర్యాంకుల ఫొటోలే. సైంటిస్ట్ అంటే ఫస్ట్ వచ్చినవాడు, మెడలో దండ వేసుకున్నవాడు అని పిల్లల మనసులో స్థిరపడిపోయింది. ఓపెన్‌హైమర్ అట్లాంటి మనిషి కాదు. 1904లో పుట్టాడు, హార్వర్డ్‌లో, కేంబ్రిడ్జ్‌లో, గోటింగెన్‌లో చదివాడు, పెద్ద నక్షత్రాలు తమ బరువుకు తామే కుప్పకూలిపోతాయని 1939లో తన విద్యార్థితో కలిసి లెక్క వేసి చూపాడు. ఇవాళ బ్లాక్ హోల్ అంటున్నది అదే. తర్వాత న్యూ మెక్సికోలో రహస్యంగా కట్టిన ప్రయోగశాల లాస్ అలమోస్‌లో వేల మందిని ఒకచోట కూర్చి బాంబు చేయించాడు. హిరోషిమా మీద బాంబు పడి మూడు నెలలు తిరగకముందే ప్రెసిడెంట్ ట్రూమన్ దగ్గరికి పోయి నా చేతులకు రక్తం అంటిందని చెప్పుకున్నాడు. హైడ్రోజన్ బాంబు వద్దన్నాడు. దాంతో 1954లో విచారణకు కూర్చోబెట్టి, పాత స్నేహాలన్నీ తవ్వి, తోటి సైంటిస్టుల్లో కొందరి చేత సాక్ష్యం చెప్పించి, నాలుగు ఓట్లు వ్యతిరేకం, ఒక ఓటు అనుకూలంతో దేశ రహస్యాలు చూసే అర్హత తీసేశారు. ఆ విచారణ నడిపిన తీరే తప్పని ఆ నిర్ణయాన్ని ప్రభుత్వమే రద్దు చేసింది 2022 డిసెంబరులో. ఆయన 1967లోనే చనిపోయాడు. ఇది క్లాసులో చెప్పినప్పుడు ఒక పిల్లవాడు, "సచ్చిపోయినాక ఇచ్చి ఏం లాభం సార్" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

అదే పనిలో ఉండి వేరే దారి పట్టినవాళ్లూ ఉన్నారు. జోసెఫ్ రాట్‌బ్లాట్ అని ఒకాయన, జర్మనీ బాంబు చేయడం లేదని తెలిశాక 1944 చివర్లోనే లాస్ అలమోస్ వదిలి వెళ్లిపోయాడు, 1995లో ఆయనకు శాంతి నోబెల్ వచ్చింది. లియో సిలార్డ్ బాంబు వేయొద్దని ఒక అర్జీ రాస్తే 70 మంది సైంటిస్టులు సంతకాలు పెట్టారు, ఆ అర్జీ ప్రెసిడెంట్ దాకా చేరలేదు. ఒకే పరీక్ష పాసైన ముగ్గురు మనుషులు మూడు రకాలుగా నడుచుకున్నారని పిల్లలకు తెలియాలి. మార్కులు తక్కువొచ్చాయని ఉరి వేసుకుంటున్న పిల్లలున్న చోట, జీవితంలో తప్పు చేసినవాడు కూడా ఆ తప్పుతో బతికి మాట్లాడగలడని చూపే కథ చాలా అవసరం. ఈ మాట చాలా ఆలోచించి రాస్తున్నాను.

6. ఖర్చు. మనకు తెలుగులో దొరకలేదు, సరే, కనీసం బాగా చూపే పెద్ద తెర మీద చూద్దామంటే హైదరాబాద్ పోవాలి. రెండు వందల కిలోమీటర్ల పైమాట. రానుపోను ఛార్జీ, టికెట్, ఒక పూట తిండి కలిపితే పల్లెలో ఒక ఇంటికి వారం సరుకుల డబ్బు. డబ్బున్న ఇళ్ల పిల్లలు పోయి చూసొచ్చారు, సంతోషం. మిగతావాళ్లు వాళ్లు పెట్టిన స్టేటస్‌లు చూశారు.

ఇంకొక చిన్న సంగతి, చిన్నదే అయినా చెప్పాలి. ఇంటర్వెల్. ఆ సినిమాకు ఇంటర్వెల్ కోసం తీసిన చోటు లేదు, నాకు తెలుసు, మీకు క్యాంటీన్ నడవాలి, అదీ తెలుసు. కానీ మాట సగంలో ఉండగా, ఒక మనిషి నోరు తెరిచి ఉండగా లైట్లు వేశారు. ముందు ఒక్కసారి చూసి సీన్ అయ్యాక ఆపితే పోయేదేముంది?

నాలుగో రోజుకు సినిమా ఎత్తేశారు. రెండో బ్యాచ్‌ను తీసుకుపోదామని అడిగితే, పొద్దున ఆటకు పది టికెట్లు కూడా తెగలేదు సార్ అన్నారు. నిజమే అయ్యుంటుంది. కానీ అర్థం కాని భాషలో పెట్టి, జనం రాలేదని ఎత్తేసి, ఇట్లాంటి సినిమాలకు కర్నూలులో మార్కెట్ లేదని తేల్చేస్తే ఎట్లా? సూపర్ హీరోల సినిమాలు, గ్రహాంతరవాసుల సినిమాలు తెలుగు డబ్బింగ్‌తో వచ్చినప్పుడు ఇదే ఊళ్లో హాళ్లు నిండాయి. జనం ఇంగ్లీష్ సినిమా చూడరన్నది నిజం కాదు, అర్థం కానిది చూడరు.

కాలేజీ యాజమాన్యాలకు కూడా ఒక మాట. మీలో ఒకరు నాతో అన్నారు, సినిమాలకు తీసుకుపోతే వీక్లీ టెస్ట్ పోతుందని, పైగా అందులో పెద్దల సీన్లు ఉన్నాయంట కదా అని. మన దేశంలో యూ/ఏ సర్టిఫికెట్‌తో విడుదలైన సినిమా అది. తల్లిదండ్రులకు ముందే చెప్పి, సంతకం తీసుకుని, ఇష్టం ఉన్నవాళ్లనే తీసుకుపోదాం. వద్దన్నవాళ్లను వదిలేద్దాం. టెస్ట్ సోమవారం పెట్టుకోవచ్చు.

ఇప్పుడు మేం అడుగుతున్నవి.

1. సైన్స్ మీద, చరిత్ర మీద వచ్చే ఇట్లాంటి పరభాషా సినిమాలకు డబ్బింగ్ చేయలేకపోతే కనీసం తెలుగు సబ్‌టైటిల్స్ వేయించమని డిస్ట్రిబ్యూటర్లు హక్కుదారులను గట్టిగా అడగాలి. డబ్బింగ్‌కు గొంతులు, స్టూడియో, మిక్సింగ్ కావాలి. సబ్‌టైటిల్స్‌కు రాసేవాళ్లు, టైమ్ సరిచూసేవాళ్లు ఉంటే చాలు, ఇప్పుడున్న డిజిటల్ ప్రొజెక్షన్‌లో వాటిని వేరే ఫైలుగా చేర్చవచ్చు. మీ ఊళ్లో చదివేవాళ్లు ఎవరు అంటారేమో. మా పిల్లలు చదువుతారు. తెర మీద తెలుగు అక్షరం పడితే మా అమ్మ కూడా చదువుతుంది.

2. ఆ తెలుగు రాసేటప్పుడు సైన్స్ తెలిసినవాళ్లకు ఒకసారి చూపించాలి. చైన్ రియాక్షన్‌ను గొలుసు ప్రతిచర్య అన్నా, పుస్తకంలో ఉన్నట్టు శృంఖల చర్య అన్నా, అట్లాగే ఉంచేసినా ఫరవాలేదు కానీ, ఏదో ఒకటి సినిమా అంతా ఒకేలా ఉండాలి. డబ్బు అడగం, మా జిల్లాలో ఫిజిక్స్ లెక్చరర్లం కూర్చుని చూసిపెడతాం.

3. ఓపెన్‌హైమర్‌ను ఒక్క ఆదివారం పొద్దున ఆటగా మళ్లీ వేయాలి, తెలుగు అక్షరాలతో. ఒక్క హాలు, ఒక్క ఆట. టికెట్లు అమ్ముడుపోతాయా అన్న దిగులు మీకు అక్కర్లేదు, కింద చెప్తాను.

4. ఆ ఆటకు ముందు ఆపరేటర్‌కు రెండు మాటలు చెప్పండి: పేలుడు దగ్గర సౌండ్ పోదు, వాల్యూమ్ ముట్టుకోవద్దు. ఇంటర్వెల్ సీన్ అయ్యాకే వేయాలి.

5. కాలేజీలు ఏడాదికి ఒక శనివారం ఇందుకు ఇవ్వాలి. సినిమా చూసిన మర్నాడు ఒక పీరియడ్ మాట్లాడుకోవడానికి ఇవ్వాలి. చూసి ఊరుకుంటే సగమే అందుతుంది.

6. ఇది తెలుగు సినిమా తీసేవాళ్లకు. మనకూ సైంటిస్టులున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో చదువు మొదలుపెట్టాడు, అప్పుడు ఓపెన్‌హైమర్ అదే విశ్వవిద్యాలయంలో విద్యార్థి. ఇద్దరూ ఒకే వీధిలో ఎదురుపడి ఉండొచ్చేమో అని నేను ఎప్పుడూ అనుకుంటాను. ఇట్లాంటి మనిషి కథ తీయండి, కానీ దండ వేసి దండం పెట్టే సినిమా తీయకండి. ఆయన సందేహాలు, ఒంటరితనం, ఇంటి దగ్గర వదిలి వచ్చిన మనుషులు, అవన్నీ చూపండి. పిల్లలు మహానుభావుణ్ణి చూసి చేతులు జోడిస్తారు, మనిషిని చూస్తే దగ్గరికి వస్తారు.

మూడో డిమాండ్ గురించి చెప్తానన్నాను. ఈ లేఖ రాసే ముందు నాలుగు కాలేజీల్లో తోటి లెక్చరర్లతో మాట్లాడాను. 260 మంది పిల్లలు పేర్లు ఇచ్చారు, వాళ్లలో 90 మందికి పైగా తల్లో తండ్రో కూడా వస్తామన్నారు. తెలుగు మాస్టారు ఒకరు, నేను, ఇద్దరు పాత విద్యార్థులు కలిసి సినిమాలో వచ్చే మనుషులు ఎవరు, ఏ సంవత్సరం ఏం జరిగింది అని రెండు పేజీల తెలుగు కరపత్రం సిద్ధం చేశాం, హాల్లో మేమే పంచుతాం, అయ్యాక కింద పడ్డ కాగితాలు మేమే ఏరుకుంటాం.

ఆ లెక్కపెట్టిన అమ్మాయి ఇప్పుడు డిగ్రీ ఫిజిక్స్ చదువుతోంది. ఆ రెండు పేజీల్లో ట్రినిటీ భాగం రాసింది ఆమే. ఆట ఎప్పుడు సార్ అని పోయిన ఆదివారం కూడా ఫోన్ చేసి అడిగింది.

తేదీ చెప్పండి. పిల్లల పేర్ల లిస్టు, టికెట్ల డబ్బు మొత్తం ఒక వారం ముందే తెచ్చి మీ కౌంటర్‌లో కడతాం.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
కర్నూలు